మందార మీద తెల్లపురుగు: హన్మకొండ మిద్దెతోట ఒకటి, దానిలో పురుగుల లెక్క

హన్మకొండలో రెండంతస్తుల ఇల్లు. మిద్దె మీద సుమారు 600 చదరపు అడుగుల తోట. 15 అంగుళాల గ్రోబ్యాగులు 40, అడ్డంగా సగానికి కోసిన నీలం డ్రమ్ములు 6. బెండ, వంగ, టమాట, మిరప, పుంటికూర, పందిరి మీద సొర, బీర, కాకర. కింద ప్రహరీకీ ఇంటికీ మధ్య నాలుగడుగుల మట్టి జాగాలో నిమ్మ, జామ, రెండు కల్యామాకు చెట్లు, గోడ వెంట మందార. తోట చూసుకునేది అత్తాకోడళ్లిద్దరు. పొద్దున అత్త, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక కోడలు. ఈ పంపకం చిన్న సంగతే అనిపిస్తుంది గానీ, కేసులో సగం చిక్కు దీని నుంచే పుట్టింది.

ఫిర్యాదులు మూడు. సీతాకోకచిలుకల కోసమని ఆరు రకాల పూలమొక్కలు పెట్టారు, చిలుకలు వస్తున్నాయి, పోతున్నాయి, నిలవడం లేదు. బెండ, మిరప మీద చిగుళ్ల రసం పీల్చే పేనుబంక ఎంత కొట్టినా తగ్గడం లేదు. సొర పిందె బొటనవేలంత అయ్యి, పసుపుబారి రాలిపోతోంది.

మూడింటిలోనూ చెయ్యి ఉన్నది ఒక్కటి. ఆదివారం సాయంత్రం స్ప్రే.

కొట్టేది రసాయన మందు కాదు. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ 'కాస్త'. సేంద్రియమే కాబట్టి పర్వాలేదని ప్రతి మొక్కకూ, పూలకూ, పురుగున్నా లేకున్నా కొడుతూ వచ్చారు. మిద్దెతోటల వాళ్లలో ఈ నమ్మకం గట్టిగా ఉంది. వేపలో ఉండే అజాడిరక్టిన్ పిల్లపురుగు పొర విడవకుండా అడ్డుపడుతుంది. ఆ పిల్ల పేనుబంకదా, దాన్ని తినే అక్షింతల పురుగుదా అని చూడదు. సబ్బునీళ్లు మెత్తటి ఒంటి పురుగు ఏది తడిసినా చంపుతాయి. పేనుబంకను తినే సిర్ఫిడ్ ఈగ పిల్ల ఒళ్లు పేనుబంక ఒంటికంటే గట్టిదేం కాదు.

అసలు దెబ్బ మాత్రం కాలంలో ఉంది. పేనుబంక ఆడది మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని పెడుతుంది, గుడ్లు కూడా కాదు, నేరుగా పిల్లల్నే. ఆ పిల్ల మన ఎండలకు వారం పది రోజుల్లో తల్లవుతుంది. అక్షింతల పురుగు గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి రెండు మూడు వారాలు కావాలి. వారానికోసారి కొడితే పేనుబంకలో మిగిలిన నాలుగూ మళ్లీ వారానికి వందలవుతాయి. అక్షింతల పురుగు పిల్ల మాత్రం ఏ వారమూ పెద్దది కాదు. అంటే ఆ స్ప్రే పేనుబంకను తగ్గించడం లేదు, దానికి శత్రువు లేకుండా చేస్తోంది.

సొర సంగతి ఇంకా సూటిగా ఉంది. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుని రాత్రంతా ఉంటుంది, దాని దగ్గరికి వచ్చేవి ముఖ్యంగా రాత్రి తిరిగే రెక్కల పురుగులు. బీర కూడా సాయంత్రమే విచ్చుకుంటుంది. ఐదున్నరకు వేపనూనె కొడితే సరిగ్గా పువ్వు విచ్చుకునే వేళకే నూనెతో తడుస్తుంది. పైగా పందిరి కిందే తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులైటు, పదింటి దాకా వెలుగుతుంది. పువ్వు దగ్గరికి రావాల్సిన రెక్కల పురుగు లైటు చుట్టూ తిరుగుతుంది, బల్లి నోట్లో పడుతుంది. రాలిన పిందెల్ని కోసి చూస్తే లోపల పురుగు లేదు, ఈగ గుచ్చిన మచ్చ లేదు. పుప్పొడి అందక రాలిన పిందె అంతే ఉంటుంది.

ఒప్పందం: 21 రోజులు ఏ స్ప్రే లేదు, వేప కూడా లేదు. దానికి బదులు చేసినవి:

పొద్దున ఎనిమిదింటి లోపు, రోజు విడిచి రోజు, ఆకు అడుగు భాగానికి పైపుతో గట్టిగా నీళ్లు. పడిపోయిన పేనుబంకలో చాలా భాగం మళ్లీ ఎక్కలేదు. సాయంత్రం వద్దు, ఆకు తడి రాత్రంతా ఉంటే బెండకు ఆకుమచ్చ తెగులు దారి చూసుకుంటుంది.

బాగా ముడుచుకుపోయిన చిగుళ్లను తుంచి సబ్బునీళ్ల డబ్బాలో వేయడం.

చీమల దారి మూసేయడం. పేనుబంక విసర్జించే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగు పిల్లల్ని తరుముతాయి. ఇనుప స్టాండ్ల కాళ్లకు రెండంగుళాల వెడల్పున గ్రీజు పట్టీ వేశారు. స్టాండు లేని బ్యాగుల్ని గోడకు ఆనకుండా జరిపారు. ఒక్క కొమ్మ గోడకు తగిలినా గ్రీజు పెట్టి లాభం లేదు, చీమలు వంతెన మీదుగా వచ్చేస్తాయి.

మొదటి ఎనిమిది తొమ్మిది రోజులు పేనుబంక పెరిగింది. పెరుగుతుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే పదో రోజుకు ఎవరో ఒకరు వేపనూనె సీసా తీస్తారు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పదకొండో రోజున బెండ ఆకు కింద అక్షింతల పురుగు పసుపు గుడ్ల గుత్తి కనిపించింది, బియ్యపుగింజల్ని నిలబెట్టినట్టు. దాని పక్క కొమ్మ మీద వెంట్రుకంత కాడ చివర ఒక్కో గుడ్డు చొప్పున అల్లిక రెక్కల పురుగు గుడ్లు, అదీ పేనుబంకను తినేదే. మూడో వారంలో పేనుబంక గుంపుల మధ్య ఉబ్బి, గోధుమరంగుకు మారి, కదలకుండా ఉన్నవి తేలాయి. అవి రోగమొచ్చినవి కావు. చిన్న కందిరీగ జాతి పరాన్నజీవి లోపల గుడ్డు పెట్టిన పేనుబంక డొల్లలు. వీపున గుండ్రటి చిల్లు ఉంటే పిల్ల బయటికి వచ్చేసిందని. అలాంటి ఆకుల్ని తెంపి పారేయకూడదు.

అక్కడి దాకా బాగానే ఉంది. చిక్కు కింద మందార దగ్గర మొదలైంది.

మందారకు పిండినల్లి పట్టింది, తెల్లపొడి అద్దుకున్నట్టుండే రసం పీల్చే పురుగు. పత్తి పండే ఈ ప్రాంతంలో ఇది కొత్తేమీ కాదు. పత్తిని పట్టే ఫెనకోకస్ జాతి పిండినల్లి మందార, బెండ, వయ్యారిభామ మీద కూడా బతుకుతుంది. అత్త రోజూ పొద్దున పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్ల డబ్బా పట్టుకుని ఏరేవారు. పద్ధతి మంచిదే. రెండు వారాల తర్వాత కూడా నల్లి తగ్గకపోయేసరికి డబ్బాలో చచ్చినవాటిని తెల్ల ప్లేటులో పోసి చూశారు. పిండినల్లి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. ప్లేటులో దానికి రెండింతలు, మూడింతలు ఉన్నవి పదకొండు. ఒంటి నిండా పొడుగాటి తెల్ల మైనపు పోగులు, దూది పేలికలు అంటుకున్నట్టు. సబ్బులో పోగులు కరిగిన చోట కింద ఆరు కాళ్లు, వంకీల్లాంటి దవడలు.

"గా పెద్దయి సూసినవా బిడ్డా? అవే గుడ్లు పెడ్తయని ముందుగల్ల అవే ఏరిన."

"అయ్యో అత్తమ్మా, అవి నల్లి కాదు. నల్లిని తినేటివి."

ఆ పదకొండూ పిండినల్లిని తినే చిన్న పెంకుపురుగుల పిల్లలు, అక్షింతల పురుగు వంశమే. క్రిప్టోలీమస్, స్కిమ్నస్ అని పిలిచే జాతులు. క్రిప్టోలీమస్ ఆస్ట్రేలియాది, 1898లోనే మన దేశానికి తెచ్చారు, ఇప్పటికీ పండ్లతోటల్లోకి పెంచి వదులుతుంటారు. పిల్లప్పుడు పిండినల్లిలాగే కనపడటం దాని ఎత్తు, ఆ గుంపుకు కాపలా ఉండే చీమలు కూడా మోసపోతాయి. పెద్దదయ్యాక మాత్రం నల్లటి రెక్కల డొప్ప, నారింజరంగు తల, ఎవరూ పొరపడరు.

పిండినల్లి పట్టిన కొమ్మ మీద తెల్లగా కనపడేవన్నీ ఒకటి కావు, నాలుగు రకాలుగా చూసుకోవాలి. మొదటిది నల్లి: కోడిగుడ్డు ఆకారం, అంచున పొట్టి పోగులు, చీపురుపుల్లతో తాకితే మెల్లగా కదులుతుంది లేదా కదలదు. రెండోది పెంకుపురుగు పిల్ల: పోగులు పొడుగు, వంకరటింకర, పుల్ల తగలగానే పరుగెత్తుతుంది. మూడోది ఏప్‌ఫ్లై అనే సీతాకోకచిలుక పిల్ల: చిలుకల్లో మాంసం తినే అరుదైన రకం, పిండినల్లిని తింటుంది, చదునుగా, తెల్లపొడి అద్దుకుని నెమ్మదిగా జరుగుతుంది. దాని గూడు కోతి ముఖంలా ఉంటుంది, ఒక్కసారి చూస్తే మర్చిపోరు. నాలుగోది తెల్లది కాదు గానీ గుంపులోనే ఉంటుంది: గోధుమ ఎరుపు రంగులో గట్టిపడిన నల్లి డొల్ల. ఏనేసియస్ అనే పరాన్నజీవి అందులోంచి వస్తుంది. దాన్ని కొమ్మ మీదే ఉంచేయాలి.

అనుమానం వస్తే ఈ పరీక్ష: నల్లి ఉన్న ఆకుతో పాటు అనుమానం ఉన్న పురుగును గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, ఒక రాత్రి నీడలో ఉంచాలి. పొద్దున నల్లి లెక్క తగ్గితే లోపలున్నది మనది. సీసా లేకుంటే ఫోను కెమెరాను పూర్తిగా దగ్గరికి జరిపి వీడియో తీసినా చాలు, నడక పట్టిస్తుంది. అత్తాకోడళ్ల మధ్య కొత్త కట్టు కూడా పెట్టుకున్నారు. పొద్దున కనపడిన కొత్త పురుగును సాయంత్రం ఇద్దరూ చూసేదాకా చంపడం లేదు. తోట చూసుకునేవాళ్లు ఇద్దరైతే ఈ నియమం స్ప్రే ఆపడం కంటే ముఖ్యం. ఒకరు పెంచుతున్నది ఇంకొకరు తెలియక తీసేస్తుంటారు.

నాలుగు వారాలకు మందార చిగుళ్లు నిటారుగా వచ్చాయి. నల్లి పూర్తిగా పోలేదు, పోనక్కర్లేదు. పూర్తిగా పోతే దాన్ని తినేవి కూడా వెళ్లిపోతాయి.

ఇదే లెక్కతో మిద్దె మీద బొబ్బర్లు వేశారు. తినడానికి కాదు, అక్షింతల పురుగులకు మేతగా. మూడు బ్యాగుల్లో ఒక్కోదాంట్లో నాలుగు గింజలు, పదిహేను రోజుల తేడాతో మూడు విడతలు. బొబ్బర్లకు పట్టే నల్ల పేనుబంక పప్పుజాతిని ఇష్టపడేది, బెండను పట్టే రకం వేరు. కాబట్టి బొబ్బర్ల మీద అది ఎంత పెరిగినా బెండకు పెద్ద ప్రమాదం లేదు, అక్షింతల పురుగులకు మాత్రం ఎప్పుడూ తిండి ఉంటుంది. ఇందులో ఒక పొరపాటు జరిగింది. మూడో బ్యాగును చిక్కుడు పందిరి మొదట్లో పెట్టారు. చిక్కుడూ పప్పుజాతే. వారంలో చిక్కుడు పూత మీద నల్లగా పట్టింది. బొబ్బర్ల బ్యాగు చిక్కుడుకు కనీసం మిద్దె అవతలి మూలన ఉండాలి, గాలి వాటుకు పైన ఉండకూడదు.

కల్యామాకు దగ్గర బేరం వేరే రకం. ఇక్కడ పురుగే కావాల్సిన చిలుక. కామన్ మార్మన్, నిమ్మ సీతాకోకచిలుక రెండూ కల్యామాకు, నిమ్మ చిగుళ్ల మీద గుడ్లు పెడతాయి. పిల్ల చిన్నప్పుడు పిట్టరెట్టలా నలుపు తెలుపు, చివరికి ఆకుపచ్చ. తాకితే తల వెనక నుంచి కొమ్ముల్లాంటిది బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. కుట్టదు, దురద పెట్టదు. సీతాకోకచిలుకలు నిలవడం లేదన్న ఇల్లే వీటిని ఏరి పారేస్తోంది, పైన పూలు పెట్టి కింద పిల్లల్ని చంపుతోంది. పూలు చిలుకకు హోటలు మాత్రమే, ఇల్లు ఈ ఆకు.

రెండు చెట్లలో గేటు పక్కది వంటకు, వెనకది చిలుకలకు. వంట చెట్టు మీద పిల్ల కనపడితే ఆకుతో సహా తుంచి వెనక చెట్టు మీద పెడతారు. మూడడుగుల లోపు చెట్టుకు నాలుగైదు పిల్లల కంటే ఎక్కువ ఉంచడం లేదు, ఆకు అయిపోతే పిల్లలు ఆకలికి చస్తాయి. మిగిలినవి నిమ్మ మీదికి. ముదిరిన పిల్ల గూడు కట్టుకోవడానికి తరచుగా చెట్టు దిగి గోడకో, పుల్లకో పోతుంది, అందుకని చెట్టు చుట్టూ ఎండుపుల్లలు నాలుగు గుచ్చి వదిలేశారు. జిల్లేడును గోడమూలన ఒకటి ఉంచారు, దాని మీద ప్లెయిన్ టైగర్ పెరుగుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో పెట్టొద్దు. కింద జాగాలో తంగేడు కూడా వేశారు, దాని ఆకు మీద ఎమిగ్రెంట్ అనే చిలుకలు గుడ్లు పెడతాయి. బతుకమ్మకు పూలు కోసేటప్పుడు కొమ్మను కొమ్మగా విరవకుండా, ఆకుపచ్చ పిల్లల్ని చూసి పూగుత్తి మాత్రం తుంచుతున్నారు.

సహనం అన్నిటికీ ఒకేలా ఉండదు. వానాకాలం మునగ మాను మీద గుంపుగా చేరే బొంతపురుగుకు ఇక్కడ మినహాయింపు లేదు. దాని వెంట్రుక తగిలితే దద్దుర్లు. పగటిపూట మాను మొదట్లో గుంపుగా ఉన్నప్పుడే చేతికి తొడుగు వేసుకుని చీపురుతో సబ్బునీళ్ల బకెట్‌లోకి తోసేయాలి.

ఇక తేనెటీగలు, తుమ్మెదలు. వంగ పుప్పొడి తిత్తి చివరి చిల్లులోంచి రాలాలి. దాన్ని రెక్కల కండరాలతో ఝుమ్మని వణికించాలి. మామూలు తేనెటీగ అలా వణికించదు, నల్ల తుమ్మెద, తేనెటీగ వంశానిదే అయిన నీలి చారల ఈగ వణికిస్తాయి. ఈ ఇంట్లో తుమ్మెద పందిరి వెదురు గుంజకు చిల్లు పెట్టింది. పందిరి కూలుతుందని మట్టితో మూసేశారు. మూసింది తీసి, బరువు మోసే గుంజను జీఐ పైపుకు మార్చి, పాత వెదురును పక్కనే పైపుకు కట్టి వదిలేశారు. నీలి చారల ఈగ నేలలో, మట్టిగోడల్లో గూడు పెడుతుంది. అందుకని కింద జాగాలో మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పున టైల్ వేయకుండా, ఆకుచెత్త పరచకుండా, నీళ్లు పెట్టకుండా ఉత్త చెల్క నేల ఉంచారు. ఇల్లు శుభ్రంగా ఉండాలనుకునే అత్తకు ఇది ఇప్పటికీ మింగుడుపడలేదు.

గులాబీ ఆకులకు అంచున గుండ్రంగా, కత్తెరతో కోసినట్టు కోతలు పడుతున్నాయని మొదట్లో మందు అడిగారు. ఆకుకోత ఈగ పని అది. తినడానికి కాదు, పిల్లల అరలకు ఆకు చుట్టడానికి. మొక్కకు నష్టం లేదు.

ఇలాంటి ఈగలు గూడు పెట్టుకోవడానికని ఆన్‌లైన్‌లో కొన్న వెదురు ముక్కల 'బీ హోటల్' వృథా అయింది. కొమ్మకు వేలాడదీశారు, గాలికి ఊగుతుంది. వెదురు ముక్కలు రెండు వైపులా తెరిచి ఉన్నాయి, లావు వేలు దూరేంత చిల్లులు. సాలీళ్లు, చీమలు కాపురం పెట్టాయి. దాని బదులు మేదరవాళ్ల దగ్గర సన్న వెదురు తెచ్చి, కణుపు వెనక ఉండేలా ఆరంగుళాల ముక్కలు కోశారు. లోపలి వెడల్పు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. మూతిని గరుకు కాగితంతో నున్నగా రుద్దారు, పేళ్లు ఉంటే రెక్కలు చిరుగుతాయి. పాతిక ముక్కల కట్టను తూర్పు ముఖంగా, సజ్జ కింద, ఐదడుగుల ఎత్తున గోడకు కదలకుండా బిగించారు. వానాకాలంలో రెండు ముక్కల మూతులు పచ్చటి ఆకు బిళ్లలతో, నాలుగు మట్టితో మూసుకున్నాయి. ఖాళీ అయిన ముక్కల్ని రెండో ఏడాదికి మార్చేయాలి, లేకుంటే పేలు, బూజు చేరతాయి.

స్ప్రే ఆగి, ట్యూబులైటును పసుపు బల్బుకు మార్చి, ఎనిమిదికల్లా ఆర్పేయడం మొదలయ్యాక కూడా రెండు వారాలు సొర పిందెకు చేత్తోనే పుప్పొడి పెట్టారు. రాత్రి ఏడూ ఎనిమిది మధ్య మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, వెనక చిన్న కాయ ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దాలి. తర్వాత అవసరం పడలేదు.

పసుపు జిగురు అట్టలు పెట్టి తీసేశారు. తెల్లదోమ పడింది, నిజమే. దాంతో పాటు సిర్ఫిడ్ ఈగలు, అక్షింతల పురుగులు కూడా. పసుపంటే వాటికీ పువ్వే. పెట్టాల్సి వస్తే మొక్క పూతకు రాకముందు, పది రోజులకు మించకుండా.

నీళ్ల పళ్లెం మే నెలలో తేనెటీగలకు అవసరం. రెండంగుళాల లోతు మట్టి పళ్లెం, గులకరాళ్లు నీటిపైకి తేలేలా. డెంగీ దోమ నిలవనీటిలో వారం పది రోజుల్లో తయారవుతుంది కాబట్టి మూడు రోజులకోసారి పారబోయాలి. అంతటితో చాలదు. గుడ్లు నీటి అంచుకు పైన పళ్లేనికి అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. కొబ్బరి పీచుతో అంచు తోమి ఎండలో బోర్లించాలి. గ్రోబ్యాగుల కింది ప్లేట్లకూ ఇదే వర్తిస్తుంది. ఇవి వదిలేసి పళ్లెం ఒక్కటి తోమితే లాభం లేదు.

నర్సరీలో కొన్న పూలమొక్కల మొదటి విడత పూలు తుంచేస్తున్నారు. మొక్కలోపలికి ఇంకే మందు వేసి పెంచిన మొక్కైతే ఆ మందు తేనెలోకీ పుప్పొడిలోకీ వస్తుంది. బంతి మాత్రం విత్తనం వేసి పెంచుకున్నారు, ముద్దబంతి కాదు, రేకబంతి. ముద్దబంతిలో ఈగ నోరు పెట్టడానికి చోటుండదు. కొత్తిమీర, సోపు, సబ్జా రెండేసి మొక్కలు కోయకుండా పూతకు వదిలారు. చిన్న పరాన్నజీవులకు ఆ చిన్న పూలే అందుతాయి.

ఏడాది దాటాక: వేపనూనె సీసా ఉంది, రెండుసార్లు వాడారు, రెండుసార్లూ మిరప తామరపురుగుకే, పొద్దుపోయాక, పూత లేని కొమ్మలకు. సొర, బీర కాస్తున్నాయి. వంటకు కల్యామాకు తక్కువ పడలేదు.

కుదరనిది కాకర. పండుఈగ పిందెను గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది, దాన్ని తగ్గించగలిగిన మిత్రపురుగు ఈ తోటలో కనపడలేదు. క్యూలూర్ ఎర బుట్ట ఒకటి పెట్టారు, దానికి మగ ఈగలే వస్తాయి. పక్క మిద్దెల నుంచి వచ్చే ఆడ ఈగలు గుచ్చుతూనే ఉన్నాయి. ఇప్పుడు పువ్వు వాడిన రెండో రోజే పిందెకు పల్చటి గుడ్డసంచి కడుతున్నారు, గుచ్చినవి కోసి మూతి బిగించిన కవర్లో ఎండలో మూడు రోజులు పెట్టి పడేస్తున్నారు. సంచి కట్టిన కాయలు బాగున్నాయి. కట్టడం మర్చిపోయినవి లేవు.

అలా అనేది కోడలు. అత్త లెక్క ప్రకారం మొన్న మూడు మర్చిపోయారు.